సున్నా చుట్టమంటే కోడిగుడ్డు చుడుతోంది: ఇంట్లో కట్టుకున్న సీఎన్‌సీ రౌటర్‌కి ముందు ఏం మార్చాలి?

బోర్డుల మాస్టారు, తణుకు

అందరికీ నమస్కారం. నా సంగతి కాస్త చెబితే గానీ నా బాధ అర్థం కాదు. పాతికేళ్ళు బోర్డులు రాసి బతికినవాణ్ణి. ఎరువుల కొట్లు, కిరాణా షాపులు, రైసుమిల్లు గోడలు, ఎన్నికలొస్తే గోడల మీద గుర్తులు. ఫ్లెక్సులొచ్చి ఆ పని కాస్తా పోయింది. ఇప్పుడు కొత్త ఇళ్ళకి టేకు చెక్క మీద పేర్లు చెక్కి ఇస్తున్నాను. ఉలితో అయితే బోర్డుకి మూడు రోజులు పడుతోంది. అందుకని పోయినేడాది, డిప్లొమా మెకానికల్ చదువుతున్న మా మేనల్లుడి సాయంతో, వరండాలో ఒక సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పిన గీత వెంట చెక్కే యంత్రం) కట్టుకున్నాను.

ఫ్రేమంతా 18 మి.మీ. ప్లైవుడ్. పని జరిగే జాగా 600 × 450. గాంట్రీకీ (బల్ల మీద జరుగుతూ స్పిండిల్‌ని మోసే వంతెన), కింద బల్లకీ 12 మి.మీ. క్రోమ్ రాడ్లు రెండేసి. వాటిని చివర్లలో మాత్రమే పట్టి ఉంచాం. గాంట్రీ రాడ్ల పొడవు 600. మూడు వైపులా టీ8 లీడ్‌స్క్రూలే (తిరుగుతూ నట్టుని జరిపే పొడవాటి మరలు), ఒక చుట్టుకి 8 మి.మీ. జరుగుతాయి. వై స్క్రూ ఒక్కటే, బల్ల కింద మధ్యలో ఉంటుంది. ఆర్డ్యునో ఊనో అనే చిన్న బోర్డులో మోటార్లని నడిపే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్, దాని మీద సీఎన్‌సీ షీల్డ్, ఏ4988 డ్రైవర్లు, నీమా 17 మోటార్లు, 24 వోల్టుల సప్లై. బిట్‌ని తిప్పే మోటారు, అదే స్పిండిల్, 500 వాట్ల డీసీ; బిట్‌ని పట్టుకునేది ఈఆర్11 కొల్లెట్. అన్నీ కలిపి 34 వేలయింది. మా ఆవిడకి 22 అని చెప్పాను.

ఇక కష్టాలు. 50 మి.మీ. సున్నా చుట్టమంటే ఎక్స్ వైపు 49.9 వస్తోంది, వై వైపు 49.4 వస్తోంది. పైనా కిందా ఎవరో అరచేత్తో నొక్కినట్టు చదును. ఇంగ్లీషు బోర్డయితే ఈ లోపం ఎవరికీ ఆనదు. మన అక్షరాల్లో నిలువుగీత ఎక్కడుంది చెప్పండి? అన్నీ సున్నా ముక్కలే కదా. 'ఠ' చెక్కితే దానికి బోడినెత్తి వస్తోంది. చేత్తో ఒక్క ఊపులో 'ఠ' చుట్టిన మనిషిని, చూస్తూ కూర్చోలేకపోతున్నాను.

మేనల్లుడు 200 ని 50 తో హెచ్చవేసి 49.4 తో భాగించి, వై స్టెప్పులు (ఒక మిల్లీ జరగడానికి మోటారు వేసే అడుగులు) 202.43 చేశాడు. సున్నా కొలతకి సరిపోయింది. చదును అలాగే ఉంది. పైగా 300 పొడవు చట్రం కోస్తే 303 వచ్చింది! ఇదేం మాయో తెలియలేదు.

రెండోది, చదునుగా గుల్ల చేసినచోట అడుగు నున్నగా రావడం లేదు. దువ్వెనతో దువ్వినట్టు గీతలు. మధ్యలో కాస్త లోతు కూడా ఎక్కువ.

మూడోది, పని సగంలో ఉండగా 'అలారం 1' అని ఆగిపోతుంది. ముఖ్యంగా వంటింట్లో మిక్సీ వేసినప్పుడు. మొన్న 'శ్రీ లక్ష్మీ నిలయం' బోర్డు 'క్ష్మీ' దగ్గర ఆగింది. ఆ వేళ గోంగూర పచ్చడి. మంచి టేకు పలక పోయింది. ఆ 'క్ష్మీ'లోనే ఇంకో తేడా కూడా ఉంది, ఒత్తు అక్షరానికి తగిలే చోట చెక్కకుండా చిన్న ముక్క వదిలేస్తోంది.

చేతిలో 30 వేలున్నాయి. నీళ్ళతో చల్లబడే 1.5 కిలోవాట్ల స్పిండిల్ కొందామని మేనల్లుడు. బాల్‌స్క్రూలు (నట్టులో గోళీలుండే మరలు) వేయమని ఇంకొకాయన. అబద్ధమెందుకు, నా మనసు కూడా స్పిండిల్ మీదే ఉంది. ముందు ఏది మార్చమంటారు?

---

మిల్లు ఫిట్టర్, పెద్దాపురం

మాస్టారూ, స్పిండిల్ కొనకండి. ఆ 30 వేలు బీరువాలో పెట్టి తాళం మీ ఆవిడకివ్వండి.

నాకు జీఆర్‌బీఎల్ తెలీదు. మిల్లులో గేర్‌బాక్సులూ షాఫ్టులూ విప్పి బిగించడం తెలుసు. మీరు చెప్పింది చదివితే వై వైపు ఎక్కడో అర మిల్లీకి పైగా ప్లే, అంటే బిగువు లేని వదులు, ఉంది. మోటారు దిశ మార్చుకున్నప్పుడల్లా ఆ ప్లే పూర్తయ్యే దాకా గాంట్రీ కదలదు, మోటారు మాత్రం తిరుగుతుంది. సున్నాకి పైనా కిందా వై దిశ మారుతుంది కదా, అందుకే చదును అక్కడొస్తోంది. ఇలాంటి బండికి పెద్ద స్పిండిల్ వేస్తే, కళ్ళు సరిగా కనబడని డ్రైవరుకి పెద్ద లారీ ఇచ్చినట్టే.

ప్లే ఎక్కడుందో ఊహించొద్దు, కొలవండి. మాగ్నెటిక్ బేస్ ఉన్న డయల్ గేజ్ ఒకటి కావాలి. మీ ఊళ్ళో ఏ లేతు షాపులో అడిగినా ఉంటుంది, ఆదివారం పూట అరువిస్తారు. చెక్క బల్లకి మాగ్నెట్ పట్టదు కాబట్టి ఓ ఇనప పలక స్క్రూలతో బిగించి దాని మీద పెట్టండి. సామాన్లు తూచే కొక్కెం త్రాసు ఒకటి తెచ్చుకోండి.

మోటార్లు ఆన్‌లో, బిగిసి ఉండాలి. గేజ్ ముల్లు కొల్లెట్‌కి ఆనించి, స్పిండిల్‌కి కొక్కెం తగిలించి వై వైపు రెండు కిలోల బలంతో లాగండి, వదలండి. మళ్ళీ ఎదురు వైపు అంతే లాగండి. అటూ ఇటూ కలిపి ఎంత కదిలిందో రాసుకోండి. తరవాత లాగడం అక్కడే, గేజ్ మాత్రం జెడ్ ప్లేటుకి (స్పిండిల్‌ని పైకీ కిందికీ జరిపే పలక) మార్చండి. తరవాత గాంట్రీకి. తరవాత కింద ఇత్తడి నట్టుకి. ఆఖర్న స్క్రూ కొసకి. ఒకచోట 40 పాయింట్లు (పాయింటంటే మిల్లీలో నూరో వంతు) కదిలి, దాని పక్కదానికి పదే కదిలితే దొంగ ఆ రెండింటి మధ్యలో ఉన్నాడని అర్థం. దీనికి మించిన కంప్యూటర్ లేదు.

ఇంకో మాట. మోటారుకీ స్క్రూకీ మధ్య మీరు వేసింది స్ప్రింగులా కోతలున్న అల్యూమినియం కప్లింగ్ అయ్యుంటుంది. అది తిప్పుడుకి బాగానే ఉంటుంది గానీ, లాగితే సాగుతుంది. స్క్రూకి రెండు పక్కలా త్రస్ట్ బేరింగ్ (పొడవు వైపు తోపుని ఆపేది) లేకపోతే మీ గాంట్రీ మొత్తం ఆ కప్లింగ్‌కి వేలాడుతున్నట్టే లెక్క. ఒకసారి చూడండి. కప్లింగ్‌ని బిగించే చిన్న గ్రబ్ స్క్రూలు కూడా. స్క్రూ మీద ఆకురాయితో చిన్న చదును తీసి అక్కడ బిగిస్తే జారవు.

ఆ నట్టు గాంట్రీకి ఎలా పట్టి ఉందో ఫొటో పెట్టండి.

---

బోర్డుల మాస్టారు

ఫొటో పెట్టాను. ఇనప ఎల్-యాంగిల్, నాలుగు చెక్క స్క్రూలతో ప్లైవుడ్ అంచులోకి బిగించాం. త్రస్ట్ బేరింగ్ లేదు. కప్లింగ్ మీరు చెప్పిన రకమే. తాళం సంగతి మాత్రం వదిలేయండి, ఆ బీరువాలో ఒకసారి పెట్టింది మళ్ళీ బయటికి రాదు.

---

లెక్కల పిన్ని, కోయంబత్తూరు

నేను రాజమండ్రిలో పుట్టి పెరిగి, ఇక్కడ పంపుల కంపెనీలో డిజైన్ పనిలో స్థిరపడ్డాను. ఫిట్టర్ గారితో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తున్నాను. ప్లైవుడ్ అంచులో స్క్రూలా! పొరల మధ్యకి వెళ్ళిన స్క్రూకి పట్టేముంటుంది?

మీ మేనల్లుడి 202.43 సంగతి ముందు చెబుతాను. ఆ సూత్రం తప్పు కాదు, వాడినచోటు తప్పు. ప్లే వల్ల పోయేది ఎప్పుడూ ఒకే కొలత. మీ విషయంలో 0.6. సున్నా 50 ఉన్నా, 300 ఉన్నా పోయేది ఆ 0.6 నే. స్టెప్పులు పెంచితే మాత్రం పొడవును బట్టి పెరుగుతుంది. 202.43 అంటే ప్రతి 100 కి సుమారు 1.2 ఎక్కువ. 50 కి 0.6 కలిసి లోటు పూడింది, మీరు సంతోషించారు. 300 కి 3.6 కలిసి, 0.6 పోయి, 303 అయింది. మాయా లేదు, మంత్రమూ లేదు. మోటారు చుట్టుకి 200 అడుగులు, డ్రైవర్‌లో ఒక్కో అడుగుకి 8 భాగాలు, 1600. స్క్రూ 8 మి.మీ. జరుగుతుంది. 1600 ని 8 తో భాగిస్తే 200. $101 ని (జీఆర్‌బీఎల్‌లో వై స్టెప్పుల సెట్టింగు) తిరిగి 200 చేసేయండి. నిజంగా సరిచూసుకోవాలంటే ఒకే దిశలో ముందు పది మిల్లీలు నడిపి ప్లే తీసేసి, అక్కడి నుంచి అదే దిశలో 300 నడిపి కొలవండి. అప్పుడు తేడా వస్తేనే ఆ నంబరు ముట్టుకోండి.

ఇప్పుడు రాడ్లు. గుల్ల చేసిన చోట మధ్యలో లోతెక్కువ అన్నారు కదా, అది రాడ్ల పనే. రెండు చివర్ల మధ్య 600 మి.మీ. ఖాళీ, 12 మి.మీ. ఉక్కు రాడ్లు రెండు. స్పిండిల్, జెడ్ సరంజామా అంతా మూడు కిలోలు వేసుకుందాం. చివర్లు ఊరికే ఆనుకుని ఉన్నట్టు లెక్క కడితే మధ్యలో సుమారు 0.33 మి.మీ. కిందికి వంగుతుంది. బిట్ చెక్కని తాకకముందే, ఊరికే నిలబడితేనే ఇంత! బిట్ చెక్కలోకి దిగి లాగినప్పుడు అదే రాడ్డు పక్కకీ వంగుతుంది. 1.5 కిలోవాట్ల స్పిండిల్ ఒక్కటే నాలుగైదు కిలోలుంటుంది. అది పెడితే ఈ వంపు రెట్టింపు అవుతుంది, తగ్గదు.

వంపు రాడ్డు వ్యాసాన్ని బట్టి నాలుగో ఘాతంలో తగ్గుతుంది, పొడవును బట్టి మూడో ఘాతంలో పెరుగుతుంది. 12 బదులు 16 వేస్తే 0.33 కాస్తా 0.10 అవుతుంది. 20 వేస్తే 0.04. అంటే నాలుగు మిల్లీల లావు పెరిగితే మూడో వంతుకి పడిపోయింది. కానీ అంతకన్నా ఎస్‌బీఆర్16 మంచిది. దాని కింద పొడవునా అల్యూమినియం దిమ్మ ఉంటుంది, రాడ్డు గాల్లో వేలాడదు. హెచ్‌జీఆర్15 రైళ్ళు ఇంకా మేలు గానీ, అవి బిగించిన చోటు ఎంత చదునుగా ఉంటే అంతే చదునుగా ఉంటాయి. ప్లైవుడ్ మీద బిగిస్తే ప్లైవుడ్ ఎలా వంగితే అలా వంగుతాయి. మీ ఫ్రేమ్‌కి ఎస్‌బీఆర్ చాలు.

దువ్వెన గీతలు మాత్రం వేరే జబ్బు. స్పిండిల్ బల్లకి నిట్టనిలువుగా లేదు. కొల్లెట్‌లో బిట్ బదులు ఎల్ ఆకారంలో వంచిన తీగ బిగించి, కొస బల్లకి ఓ కాగితం మందం ఎత్తులో ఉంచి చేత్తో చుట్టూ తిప్పండి. ఒక పక్క కాగితం దూరి, ఇంకో పక్క దూరకపోతే ఎటు వాలిందో తెలిసిపోతుంది. స్పిండిల్ పట్టు వెనక రేకు ముక్కలు పెట్టి సరిచేయొచ్చు. గాంట్రీ మూలమట్టంగా ఉందో లేదో కూడా చూడండి. మేస్త్రీలు పునాదికి వేసే 3-4-5 లెక్కే ఇక్కడా. 300, 400 కొలిచి గుర్తులు పెడితే ఎదురు మూల 500 రావాలి.

బాల్‌స్క్రూలు ఆఖర్న ఆలోచిద్దాం. 1605 వేస్తే చుట్టుకి 5 మి.మీ., స్టెప్పులు 320 అవుతాయి. ప్లే బాగా తగ్గుతుంది. కానీ జెడ్‌కి వేస్తే కరెంటు పోయినప్పుడు స్పిండిల్ తన బరువుకి తనే కిందికి దిగిపోతుంది. జెడ్‌కి చుట్టుకి 2 మి.మీ. జరిగే టీ8 వేసుకుంటే దిగదు.

---

కూకట్‌పల్లి కుర్రాడు

మాస్టారు గారూ, మిక్సీ కథ చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను. నాకు వాషింగ్ మెషిన్‌తో ఇదే అయింది.

'అలారం 1' అంటే లిమిట్ స్విచ్ (గాంట్రీ చివరికొస్తే మెషిన్‌ని ఆపేది) నొక్కుకుందని జీఆర్‌బీఎల్ అనుకుంటోంది. ఎవరూ నొక్కలేదు. స్విచ్ నుంచి బోర్డు దాకా వచ్చే వైరు యాంటెనాలా పనిచేస్తోంది. మిక్సీ మోటారులో బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు వస్తాయి కదా, వాటి చప్పుడు (చెవికి వినబడేది కాదు, కరెంటు అలజడి) కరెంటు లైన్‌లోనూ గాల్లోనూ వచ్చి ఈ వైరుకి తగులుతుంది. మీ డీసీ స్పిండిల్ కూడా బ్రష్షులదే, అదీ తక్కువ తినలేదు.

ఒక పరీక్ష చేయండి. $21=0 పెట్టి (లిమిట్ స్విచ్‌లని పట్టించుకోవద్దని చెప్పడం), మెషిన్ గాల్లో తిరుగుతుండగా ఆంటీని మిక్సీ వేయమనండి. అలారం రాకపోతే స్విచ్ వైర్లదే తప్పు. పరీక్ష అయ్యాక మళ్ళీ 1 చేయండి, అలా వదిలేస్తే గాంట్రీ నిజంగా వెళ్ళి గుద్దుకున్నా ఆగదు.

నేను చేసినవి: స్విచ్‌లని ఎన్‌సీ పద్ధతిలోకి మార్చి $5=1 పెట్టాను. అంటే మామూలుగా మూసుకుని ఉండి, నొక్కితే తెగేది. దీనికి చప్పుడు తక్కువ అంటుతుంది, వైరు ఎక్కడన్నా తెగినా వెంటనే తెలుస్తుంది. స్విచ్ వైర్లకి షీల్డ్ ఉన్న కేబుల్ వేసి, ఆ షీల్డ్‌ని బోర్డు వైపు ఒక్క కొసలోనే గ్రౌండ్‌కి కలిపాను, రెండు వైపులా కలపకూడదు. ఒక్కో లిమిట్ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 104 కెపాసిటర్ పెట్టాను, కోఠి గుజరాతీ గల్లీలో దొరికే చిల్లర సరుకే. స్పిండిల్ వైర్లు, స్విచ్ వైర్లు ఒకే కట్టలో కట్టొద్దు, అడ్డొస్తే అడ్డంగా దాటించండి.

వీటన్నిటికన్నా ముందు మీ వరండా ప్లగ్‌లో ఎర్త్ ఉందా? మూడు చిల్లులున్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు సార్. మీరు చేతులు పెట్టొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ బల్బు పెట్టించండి. నిండుగా వెలగాలి. ఎర్త్ లేకపోతే పైవన్నీ చేసినా సగమే ఫలితం. ఇనప బాడీ ఉన్న స్పిండిల్‌ని చేత్తో ముట్టుకుంటున్నారు మరి, షాక్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

---

ఫాంట్ల పిచ్చి, డాలస్

'క్ష్మీ' గురించి ఎవరూ చెప్పలేదని నేను దూరుతున్నాను. అది మెషిన్ తప్పు కాదు, ఫైలు తప్పు. మన ఫాంట్లలో అక్షరం ఒక గీత, ఒత్తు ఇంకో గీత, గుడి మరో గీత. చాలా చోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తెర మీద నల్లగా కలిసిపోయి కనబడతాయి. కానీ బిట్ దారి లెక్కేసే సాఫ్ట్‌వేర్ రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డ చోటుని ఖాళీ అనుకుంటుంది, 'సున్నా' మధ్యలో బొక్క ఉన్నట్టు. అక్కడ చెక్కదు.

ఇంక్‌స్కేప్‌లో రాశాక అక్షరాలని పాత్‌గా మార్చి, గుంపు విడగొట్టి, పాత్ మెనూలో యూనియన్ కొట్టండి. అన్నీ ఒకే చుట్టుగీత అవుతాయి. ఏ ఫాంట్ వాడుతున్నారో తెలీదు గానీ, రామభద్ర లాంటి లావు ఫాంట్‌కి వీ-బిట్ (మొన వీ ఆకారంలో ఉండే బిట్) జాగ్రత్త. గీత వెడల్పు 12 మి.మీ. ఉంటే 90 డిగ్రీల బిట్ 6 మి.మీ. లోతుకి దిగుతుంది, 60 డిగ్రీలది పది దాటుతుంది. పలక మందం చూసుకోండి. ఒక మాట అడగొచ్చా, మీరు చేత్తో రాసిన అక్షరాలని ఫొటో తీసి గీతలుగా మార్చి చెక్కొచ్చు కదా? ఫాంట్ ఎందుకు?

---

బోర్డుల మాస్టారు

మూడు వారాలయింది. ఆలస్యానికి క్షమించాలి, మధ్యలో ఓ పెళ్ళి.

డయల్ గేజ్ మా వీధి చివర లేతు షాపాయన ఇచ్చాడు, సాయంత్రానికల్లా తెచ్చెయ్యాలన్న షరతు మీద. కొక్కెం త్రాసు మా పాలేరు గడ్డి తూచేది. ఫిట్టర్ గారు చెప్పినట్టే అటూ ఇటూ రెండేసి కిలోలు లాగి చూశాం. కొల్లెట్ దగ్గర 0.62. గాంట్రీ దగ్గర 0.48. ఇత్తడి నట్టు దగ్గర 0.14. స్క్రూ కొస దగ్గర 0.09.

నట్టు 0.14 కదిలితే, ఆ నట్టు పట్టుకున్న గాంట్రీ 0.48 కదలడమేమిటండీ! మధ్యలో ఉన్నది ఆ ఎల్-యాంగిల్ ఒక్కటే. 0.34 అక్కడే పోతోంది. విప్పి చూస్తే ప్లైవుడ్‌లో నాలుగు చిల్లులూ వడ్లగింజల్లా సాగిపోయి ఉన్నాయి. వానలకి ఉబ్బి, ఎండకి బిగిసి, పొరలు విచ్చుకుని, వేలితో గీరితే పొట్టు రాలుతోంది. ఏడాదిగా నేను తిట్టింది మోటార్లని, సాఫ్ట్‌వేర్‌ని, చివరికి మేనల్లుణ్ణి. వాడికి బిర్యానీ బాకీ పడ్డాను.

పాతసామాన్ల కొట్టులో 10 మి.మీ. అల్యూమినియం పలక ముక్క దొరికింది, కిలోల లెక్కన. లేతు షాపులోనే చిల్లులు వేయించి, గాంట్రీకి ఇవతల నుంచి అవతలకి ఎం5 బోల్టులు దూర్చి లాక్‌నట్లు వేశాం. స్క్రూకి రెండు కొసలా త్రస్ట్ బేరింగులు. ఇత్తడి నట్టు బదులు స్ప్రింగున్న జంట నట్టు. అంతా 2,700. $101 తిరిగి 200.

ఇప్పుడు 50 సున్నాకి వై వైపు 49.88 వస్తోంది. 300 చట్రం 299.9. 'ఠ' చెక్కి చూశాను. వెలుతురుకి అడ్డంగా పెట్టి, వేలితో తడిమి చూశాను. నెత్తి గుండ్రంగానే ఉంది.

ఎర్త్ సంగతి చెబితే నవ్వుతారు. వరండా ప్లగ్ విప్పితే ఎర్త్ చిల్లు వెనక వైరే లేదు. తక్కువైందని కాదు, అసలు వేయలేదు. ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ చేసినతను ఇప్పుడు ఎక్కడున్నాడో తెలీదు. మెయిన్ బోర్డు నుంచి కొత్త తీగ లాగించాం. పెరట్లో ఎర్త్ గొయ్యి కూడా ఎండిపోయి ఉందట, బొగ్గూ ఉప్పూ వేసి బిందె నీళ్ళు పోశాడు ఎలక్ట్రీషియన్, ఎండాకాలం అప్పుడప్పుడూ పోస్తూ ఉండమన్నాడు. స్విచ్‌లు కుర్రాడు చెప్పినట్టు మార్చాం. పరీక్ష కోసం మా ఆవిడ మిక్సీలో ఇడ్లీ రవ్వ, కొబ్బరి, ఆఖరికి పసుపుకొమ్ములు కూడా వేసింది. ఆగలేదు. అప్పుడు అడిగింది, ఇదంతా 22 వేలకే వచ్చిందా అని. నేను దుమ్ము తుడుస్తున్నట్టు నటించాను.

దువ్వెన గీతలు ఒక వైపు పోయాయి, ఇంకో వైపు కొద్దిగా ఉన్నాయి. స్పిండిల్ వెనక కోకోకోలా డబ్బా రేకు రెండు మడతలు పెట్టాను. మధ్యలో లోతెక్కువ మాత్రం అలాగే ఉంది, పిన్ని గారి లెక్క ప్రకారం ఉండాల్సిందే కదా. ఎస్‌బీఆర్16 రెండింటికి ఆర్డరిచ్చాను. స్పిండిల్ పాతదే. టేకులో ఒక్కో విడతకి 1 మి.మీ. దింపితే అది ఎక్కడా మూలగడం లేదు, మరి నాకెందుకు పెద్దది?

డాలస్ తమ్ముడూ, నీ మాట రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే అటక మీంచి పాత బ్రష్షులు దింపాను. ఆరో నంబరుది ఒకటే బాగుంది, మిగతావి పురుగు కొట్టేశాయి. డ్రాయింగ్ షీటు మీద నల్ల ఎనామిల్‌తో 'శ్రీ లక్ష్మీ నిలయం' రాశాను. మొదటి రెండు సార్లు చెయ్యి వణికింది. మూడోది ఫొటో తీసి, ఇంక్‌స్కేప్‌లో గీతలుగా మార్చి, యూనియన్ కొట్టి, 90 డిగ్రీల బిట్‌తో చెక్కాను. 'క్ష్మీ' ఒత్తు దగ్గర ముక్క మిగల్లేదు. నేను 'ల' తోక కాస్త పైకి లాగుతాను, అది కూడా అచ్చం అలాగే వచ్చింది. బోర్డు పోగొట్టుకున్న ఇంటాయన వచ్చి చూసి, ఇది మా ఊరి ఎరువుల కొట్టు మీద రాతలా ఉందే అన్నాడు. ఆ కొట్టు బోర్డు నేను రాసిందే.

కొత్త ప్లేటు ఫొటో, చెక్కిన బోర్డు ఫొటో కింద పెట్టాను. ఎస్‌బీఆర్ వచ్చాక మళ్ళీ రాస్తాను.

---

మిల్లు ఫిట్టర్

బోర్డు బాగుంది మాస్టారూ. 'ల' తోక ఇంకా బాగుంది.

ప్లేటు ఫొటో పెద్దది చేసి చూశాను. కుడి పక్క కింద బోల్టుకి లాక్‌నట్ లేదు, మామూలు నట్ వేశారు. నాలుగోది తక్కువైందా? స్పిండిల్ అదురుకి నెల రోజుల్లో ఊడుతుంది. ఈ రోజే మార్చండి.

---

బోర్డుల మాస్టారు

నిజమే, షాపులో మూడే ఉన్నాయి. ఇప్పుడే బండి తీస్తున్నాను.